సీసా మీద బూజు మేడం బొమ్మ

అప్పలనరసమ్మ గారు పోయిన వార్తను నేను చదివి కూడా దాటేశాను. మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "వనమూలికల మాత ఇక లేరు" అని వచ్చింది. కింద దీపం, తులసికోట, దండం పెడుతున్న చేతులు. ఎవరో ఆశ్రమం నడిపే పెద్దావిడ కాబోలనుకుని ఫోను పక్కన పెట్టి టీ తాగుతున్నాను. కాసేపటికి మరొకరు ఫొటో పెట్టారు. జేబు చిరిగిన తెల్లకోటు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, ఫొటో తీస్తున్నవాడి మీద కోపం. అప్పుడు గ్లాసు కింద పెట్టాను. ముందురోజు సాయంత్రమే ఆవిడ తన గేటు దగ్గర నన్ను ఆపి, నేనొక పత్రికకు రాసిన వ్యాసంలో "ప్రకృతి ప్రసాదించిన" అనే మాట ఎందుకు వాడానని తిట్టారు. "ప్రసాదమేటిరా? అది గుడేటి?" అన్నారు. ఆ రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. పొద్దున్న పాలవాడు పిలిస్తే పలకలేదు.

సంతాప సభ శ్రీకాకుళంలో, ఆవిడ పాఠాలు చెప్పిన కాలేజీలోనే పెట్టారు. ఆవిడ మొక్కలతో మాట్లాడేవారని ఒకరన్నారు. పల్లె తల్లుల వైద్యాన్ని ప్రపంచానికి చాటారని ఇంకొకరన్నారు. ఆవిడ గది నుంచి వచ్చే వాసనకు తల తిరుగుతోందని ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదులు చేసిన ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆ ప్రయోగశాల ఒక సుగంధవనం" అన్నారు. అంతసేపూ ఒక్కరి నోటా బూజు అనే మాట రాలేదు. నన్నూ మాట్లాడమన్నారు. నాకు సభలో గొంతు లేవదు. లేవనందుకు ఇంటికొచ్చాక ఇంకా కోపం వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పలనరసమ్మ గారు మొక్కలతో మాట్లాడలేదు. మనుషులతోనే సరిగ్గా మాట్లాడేవారు కాదు. ఆవిడ జీవితమంతా చూసింది బూజును. వేరుశనగ గింజ మీద పట్టే బూజు, ఊరగాయ జాడీ మూతి మీద తేలే బూజు, వానాకాలంలో తడి గోడ మీద మొలిచే బూజు, పిల్లల మెడ మీద గుండ్రంగా పాకే తామర. అన్నీ ఒక కోవకు చెందినవేనని చెప్పి, అన్నిటినీ గాజు పళ్లేల్లో పెంచి, పెంచిన చేత్తోనే చంపి చూసేవారు. పిల్లలు వెనకాల "బూజు మేడం" అనుకునేవారు. ఆవిడకు తెలుసు. "దేవత అనలేదు గదా, నయమే" అన్నారొకసారి.

సొంతూరు పొందూరు పక్కన. వరి పండించే ఇల్లు. తల్లి నూలు వడికేది. సభలో ఒకాయన, ఆవిడకు ఈ విద్య తల్లి నుంచే అబ్బిందని, నూలు పెట్టెలో సుగంధ ద్రవ్యాలుంచి బూజు పట్టకుండా కాపాడే ఆ తల్లి రహస్యమే కూతురి పరిశోధనకు మూలమని చెప్పాడు. ఇది నేను స్వయంగా ఆవిడను అడిగిన విషయమే. ఆవిడ నవ్విన కొద్దిసార్లలో అదొకటి. "మా యమ్మ కాడ రహస్యమేటిరా? వోన కురిస్తే నూలంతా నల్ల సుక్కలు. ఎండలో ఏసి, ఆకాశం కేసి సూసి బూతులు తిట్టేది. అదే ఆవిడ వైద్యం." బూజు మీద ఆవిడకున్న పగ మాత్రం అక్కడే పుట్టింది. తల్లి వడికిన నూలు కుప్పలుగా పారేయడం చిన్నప్పుడు చూశారట.

నేను ఆవిడ దగ్గర చదువుకున్నాను. తరవాత అదే విభాగంలో పక్క కుర్చీలో పనిచేశాను. మొదటి ఏడాది పిల్లలకు ఆవిడ పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. క్యాంటీన్ నుంచి ఒక థర్మాకోల్ కప్పు తెప్పించి బల్ల మీద పెట్టేవారు. అందులో నిమ్మగడ్డి నూనె కొంచెం పోసేవారు. ఎవరూ మాట్లాడకూడదు. చూస్తుండగానే కప్పు అడుగు మెత్తబడి, కుంగి, కన్నం పడేది. నూనె బల్ల మీదికి కారేది. పిల్లలు "హో" అనేవారు. అప్పుడు చెప్పేవారు. బూజు కణానికి బయట గట్టి గోడ ఉంటుంది. గోడ లోపల పలచని కొవ్వు పొర. ఆ పొర బిగువుగా నిలబడడానికి మన కణాల్లో కొలెస్టరాల్ ఉన్నట్టే బూజు కణంలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్, నిమ్మగడ్డిలోని సిట్రాల్, ఇవన్నీ నీళ్లలో ఇమడవు, కొవ్వులో ఇముడుతాయి. గోడ సందుల్లోంచి వెళ్లి ఆ పొరలో దూరతాయి. పొర సడలుతుంది. లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. కణానికి శక్తి తయారుచేసే పొరలు కూడా కొవ్వువే కాబట్టి అవీ చెడతాయి. బూజు పోగు సూక్ష్మదర్శిని కింద నీరు పిండేసిన నూలులా ముడుచుకుపోతుంది. ఆవిడ దాన్ని చూపించి, ఊరి యాసలోనే, అందరికీ వినబడేలా అనేవారు: "నూనెకి నీ పొర, నా పొర తెల్దర్రా. కొవ్వెక్కడుంటే అక్కడ దూరతాది. బూజుది అయినా దూరతాది, నీది అయినా దూరతాది."

ఈ చివరి వాక్యమే ఆవిడ చదువంతా. మిగతావాళ్లు మొదటి సగం విని లేచి వెళ్లిపోయేవారు.

మొక్క ఈ నూనెను మనకోసం తయారుచేయలేదని ఆవిడ విసుగు లేకుండా చెప్పేవారు. తనను తినడానికి వచ్చిన పురుగును, తన మీద పాకే బూజును చంపడానికి మొక్క చేసుకున్న విషం అది. "మొక్క కదల్నేదు, పారిపోనేదు. అందుకని విషం సేసుకుంది. దాన్ని నువ్వు సీసాలో పోసుకుని సువాసన అంటన్నావు." మనిషి మీద మొక్కకు ప్రేమ ఉందనే మాట ఎవరన్నా ఆవిడకు ఒళ్లు మండేది. నాకు మాత్రం ఆ కోపం మరీ ఎక్కువనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఆవిడ అంత కటువుగా మారడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాలూరులో ఒక సైన్సు సభకు పిలిచారు. అప్పటికి ఆవిడకు ఉత్సాహం ఎక్కువ. లవంగ నూనె తామర బూజును ఎంత త్వరగా చంపుతుందో బొమ్మలు వేసి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చారు. వారం తిరగకుండానే ఒక లారీ డ్రైవరు కాలేజీకి వచ్చాడు. పేరు పైడిరాజు. రోజంతా ఇంజను వేడిలో కూర్చునేవాడు, తొడల మధ్య తామర. కాళ్లు ఎడంగా వేసుకుని నడుస్తూ స్టాఫ్ రూములోకి వచ్చి, అందరి ముందూ అడిగాడు.

"తామర నూనె సెప్పిన మేడం ఎవురు?"

"నేనే. ఏటైంది?"

"ఏటవ్వాల? నువ్వు సెప్పినట్టే రాసాను. తామర సంగతి తెల్దు గాని తోలు ఊడొచ్చీసింది. లారీ ఎక్కలేకపోతన్నాను. మీ మొగోళ్లకి రాసి సూసీసే సెప్పినావేటి?"

స్టాఫ్ రూములో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, అతన్ని ఆటో ఎక్కించుకుని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. దారి పొడుగునా అతను తిడుతూనే ఉన్నాడట, ఆవిడ వింటూనే ఉన్నారట. ఆ రోజు నుంచి ఏ సభలోనైనా ఎవరైనా "అయితే ఈ నూనె తామర తగ్గిస్తుందన్నమాట" అంటే ఆవిడ జవాబు ఒకటే. "పళ్లెంలో సచ్చింది. ఒంటి మీద సంగతి నాకు తెల్దు." పిలిచినవాళ్లకు ఈ జవాబు నచ్చేది కాదు. పిలవడం మానేశారు. పైడిరాజు మాత్రం రావడం మానలేదు. తోలు మానాక, సాలూరు కొండల వైపు నుంచి ఆవిడ ప్రయోగాలకు నిమ్మగడ్డి కట్టలు లారీలో వేసుకొచ్చి దింపేవాడు. దింపిన ప్రతిసారీ పాత సంగతి ఎత్తి తిట్టేవాడు. ఆవిడ తిట్లు తిని టీ ఇచ్చేవారు.

ఇప్పుడు ఆవిడ మేనల్లుడి సంగతి చెప్పాలి. జగదీశ్, ఆవిడ తమ్ముడి కొడుకు. నరసన్నపేట బస్టాండు పక్కన మందుల దుకాణం నడుపుతాడు. తామరతో వచ్చినవాళ్లకు డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇచ్చేవాడు. దురద ఆ పూటకే పోతుంది, బూజు మాత్రం చర్మం లోపల హాయిగా పెరుగుతుంది. ఆవిడ రిటైరయ్యాక ఆదివారాలు బస్సెక్కి అక్కడికి వెళ్లేవారు. దుకాణం లోపలికి వెళ్లేవారు కాదు. కౌంటరు ముందు, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడేవారు. నేనొకసారి వెంట వెళ్లాను.

"ఆ క్రీము ఒట్టుకెల్లకమ్మా," అన్నారు ఒకావిడతో. "ఈ నెల తగ్గుతాది, వచ్చే నెల వీపంతా వస్తాది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పో, చర్మం డాక్టరు ఊరికే సూస్తాడు."

"అత్తా, ఇంట్లో కూర్చోవచ్చు కదే," అన్నాడు జగదీశ్.

"నీ కొట్లోకి వచ్చినానేటిరా? రోడ్డు మీద ఉన్నాను. రోడ్డు నీ బాబుదా?"

"ఔను మరి, నీ తమ్ముడిదే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడా ఒక్క క్షణం నవ్వబోయి ఆపుకున్నారు. తరవాత గొంతు పెంచి అదే మాట బస్టాండు చివర పళ్ల బండివాడికి కూడా వినబడేలా చెప్పారు. ఆవిడ గొంతు అలాంటిది. మైకు పెట్టిన సభల్లో ఆ గొంతుకు పిలుపు రాలేదు, మైకు లేని ఆ చోట ఆదివారాలన్నీ పనికొచ్చింది. ఆవిడ వచ్చిన రోజున ఆ క్రీము కొనేవాళ్లు దాదాపు ఎవరూ ఉండేవారు కాదని జగదీశే నాతో అన్నాడు, ఫిర్యాదుగా.

ఆవిడ పోయిన తరవాత, పెద్దకర్మకు ముందు, జగదీశ్ మా ఇంటికి వచ్చాడు. సంచిలోంచి ఒక చిన్న గోధుమరంగు గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. సీసా మీద ఆవిడ ఫొటో. గ్రూపులో వచ్చిన ఫొటోయే, కానీ కోపం తీసేసి నవ్వు పెట్టారు. ఈ రోజుల్లో ఫోనులోనే చేసేస్తారట. వెనక తులసి కొమ్మ. కింద "అప్పలనరసమ్మ తైలం. తామర, గజ్జి, చుండ్రు, కాలివేళ్ల సందుల ఒరుపులకు". మా వైపు పెద్దకర్మకు వచ్చినవాళ్లకు చనిపోయినవారి పేరు చెక్కించిన స్టీలు గిన్నె ఇవ్వడం మామూలు. గిన్నెకు బదులు ఇది ఇస్తానన్నాడు.

"గిన్నెలిస్తే ఏటుంటాది మేస్టారూ? అటక మీద పడతాది. ఇదైతే వాడతారు, అత్తని తలుసుకుంటారు. తరవాత కొట్లోనూ పెడతాను. అత్త పేరు నిలబడతాది."

మూత తీసి వాసన చూశాను. నిమ్మగడ్డి, లవంగం. ఇంకేమీ లేదు. "ఏం కలిపావు?" అని అడిగాను.

"ఏటీ కలపలేదు. సుక్క కల్తీ లేదు."

"అదే కదా తప్పు. కొబ్బరినూనెలో బాగా పలచన చేయకుండా దీన్ని ఒంటికి రాస్తే కాలుతుంది. పలచన చేసినా తామరకు సరిపోతుందని మీ అత్త ఎప్పుడూ అనలేదు."

"కొబ్బరినూనె కలిపితే మంట ఉండదు. మంట లేకపోతే మందు పని సేత్తన్నాదని జనం నమ్మరు. కౌంటర్లో నిలబడేది మీరా, నానా?" అని, సీసా మూత బిగిస్తూ అడిగాడు. "ఈ నూనె బూజును సంపుతాదని అత్త సెప్పిందా, లేదా?"

"చెప్పారు. అది సగం."

"మిగతా సగం లేబులు మీద పట్టదు మేస్టారూ," అన్నాడు.

అతను వచ్చింది లేబులు మీద నా పేరుతో రెండు ముక్కలు వేసుకోవడానికి. ఇవ్వనన్నాను. "సరే, కర్మకి రండి," అని సీసా అక్కడే వదిలి వెళ్లాడు. జగదీశ్‌ను నేను దుర్మార్గుడని అనను. అత్త పాడె మోసినప్పుడు అతను ఏడ్చిన ఏడుపు నిజం. ఆ సీసా కూడా ప్రేమతోనే చేయించాడు. నాకు అసహ్యం కలిగించింది ఆ ప్రేమే. మనిషి జీవితాంతం ఏ మాటకు అడ్డుపడిందో, ఆ మాటనే ఆవిడ నోట్లో పెట్టి, ఆవిడ ముఖానికి నవ్వు అతికించి, ఊరందరికీ పంచబోయే ప్రేమ. ఆవిడ పేరు మీద ఒక్కడి తోలు ఊడినా పైడిరాజు స్టాఫ్ రూముకు రావడం మళ్లీ మొదలవుతుంది. ఈసారి జవాబు చెప్పడానికి ఆవిడ ఉండరు.

కర్మ పొందూరు పక్కనున్న వాళ్ల ఊళ్లోనే జరిగింది. షామియానా కింద భోజనాలు. మజ్జిగ థర్మాకోల్ గ్లాసుల్లో పోశారు. భోజనాలయ్యాక అట్టపెట్టెలు విప్పి సీసాలు పంచుతున్నారు, ఇంటికొకటి చొప్పున. మా వరుసలో నేను, మరికొందరు పాత విద్యార్థులు, చివర పైడిరాజు. అతనిప్పుడు లారీ నడపడం లేదు, చూపు తగ్గింది. ఎదుటి వరుసలో అప్పలనరసమ్మ గారి చెల్లెలు సన్యాసమ్మ గారు, ఆవిడ కోడళ్లిద్దరు. ఒకే ఇల్లు కాబట్టి ఒకే సీసా వచ్చింది. ఒక కోడలు పుట్టింటికి వెళ్లే తొందరలో ఉంది.

"సగం నాకు ఒంపియ్యే అక్కా. మా యమ్మకి కాళ్లు ఒరుస్తన్నాయి."

"దేన్లో ఒంపను?"

"ఇదుగో, దీన్లో ఒంపు. పైన కవరు కట్టీసుకుంటాను," అని మజ్జిగ తాగిన గ్లాసు కడిగి, కొంగుతో తుడిచి పట్టుకుంది.

నేను చెయ్యి ఎత్తేలోపే పెద్ద కోడలు ఒంపేసింది. మా వరుసలో మాటలు ఆగిపోయాయి. ఆ పాఠం మాకందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడకూడని పాఠం అది. గ్లాసు అడుగు మెత్తబడింది, కుంగింది, కన్నం పడింది. నూనె ఆ పిల్ల అరచేతి మీదుగా మణికట్టు దాకా కారింది.

"ఓలమ్మో! మంట! మంటే!"

ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. "నీళ్లు కాదు, నీళ్లు కాదు!" అని పైడిరాజు లేచాడు. "ముందల కొబ్బరినూనె ఏసి తుడవండి, తరవాత సబ్బెట్టి కడగండి. నాను పడ్డాను గదా, మేడం సెప్పింది." తుడిచారు, కడిగారు. చెయ్యి ఎర్రబడింది గాని బొబ్బ లేవలేదు. అప్పుడు సన్యాసమ్మ గారు ఆ గ్లాసు తీసుకుని, కన్నంలోంచి వేలు అవతలికి పోనిచ్చి, ఆ వేలితోనే జగదీశ్‌ను పిలిచారు.

"ఒరే జగదీసూ. గ్లాసుకి కన్నమెట్టినదాన్ని మనిసికి రాసుకోమని మా అప్ప బొమ్మేసి ఇస్తన్నావేటిరా?"

"అది థర్మాకోలు సిన్నత్తా. మనిసి ఒళ్లు కాదు."

"థర్మాకోలుకి తామరొచ్చిందేటి మరి? దానికెందుకు రాసినావు?"

షామియానా అంతా నవ్వింది. మేమెవరం నవ్వలేదు. పంచిన సీసాలన్నీ తిరిగి అట్టపెట్టెల్లోకి వెళ్లాయి. జగదీశ్ తల వంచుకుని పెట్టెలు ఆటోలో ఎక్కించాడు. ఇంటికి వస్తూ, అప్పలనరసమ్మ గారు తన చివరి పాఠం తానే చెప్పుకున్నారని పక్కనున్న ఒక పాత విద్యార్థి అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆవిడ చెప్పలేదు. నూనె తన పని తాను చేసింది.

మొన్న ఆదివారం పనుండి నరసన్నపేట వెళ్లాను. దుకాణంలో గాజు అర ముందు వరుసలో అవే గోధుమరంగు సీసాలు. ఆవిడ బొమ్మ లేదు, పేరు లేదు. "శ్రీ వనమాత తైలం" అని కొత్త లేబులు. తులసి కొమ్మ మాత్రం అలాగే ఉంది.

"అత్త పేరు తీసీసాను మేస్టారూ," అన్నాడు జగదీశ్, నేనేమీ అడగకముందే. "మరింకేటి మీ బాధ?"

ఆ సమయంలోనే ఒక తల్లి వచ్చింది. చంకలో పాప, పాప మెడ మీద గుండ్రటి మచ్చ. జగదీశ్ సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. నేను ఆవిడతో, "అమ్మా, ఇది రాయకు. పాప చర్మం కాలుతుంది. డాక్టరుకు చూపించు," అన్నాను. వెనక బస్సు హారను కొట్టింది. ఆవిడకు వినబడలేదు. మళ్లీ అన్నాను. ఆవిడ నన్ను చూసి జగదీశ్‌ను అడిగింది, "ఈయనెవరు బాబూ?"

"మా అత్త కాడ సదువుకున్న మేస్టారులే. మంచోరే," అన్నాడు జగదీశ్, నవ్వుతూ.

ఆవిడ నాకు మర్యాదగా తల ఊపి, సీసా కొంగున కట్టుకుని బస్సెక్కింది.

అప్పలనరసమ్మ గారి లోటు తీరనిదని సభలో అందరూ అన్నారు. ఆ మాట నాకు అక్కడ అర్థం కాలేదు. ఆవిడ నిలబడే చోటే నిలబడ్డాను, ఆవిడ చెప్పే మాటే చెప్పాను. ఆవిడ ఉండి ఉంటే ఆ సీసా ఆ బస్సెక్కేది కాదు.